మీటరుకు కొత్త ముఖం: పికప్ డ్యాష్‌బోర్డులో ఒక వెలుగు పాఠం

మన క్లబ్ పత్రికలో కవితలు, కథలు, సినిమా పాటల మీద వ్యాసాలు చాలా వచ్చాయి. ఈసారి కొంచెం వేరే పని చేద్దాం. పాత పికప్ బండి డ్యాష్‌బోర్డులో వెలిగే మీటరు డయల్ ఎలా బిగించాలో మొదటి నుంచి చివరి దాకా తెలుగులో చెప్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం. ఓమ్స్ లా, రెసిస్టర్, కెపాసిటర్ అన్నీ ఇంగ్లీషులోనే నేర్చుకున్నా. కానీ బండి మెకానిక్‌తో మాట్లాడాలంటే ఆ ఇంగ్లీషు సగం కూడా పనికిరాదు. అక్కడ నీడిల్ అంటే ఎవరూ పలకరు, "ముల్లు" అనాలి. స్పానర్ అక్కడ "పానా". అందుకే ఈ పాఠంలో నాకు అక్కడ దొరికిన మాటలే వాడుతున్నా.

ఇంతకీ ఎందుకు?

మార్కెట్లో దొరికే వెలిగే డయల్స్ ఎక్కువ మంది షోకు కోసమే కొంటారు. నీలం రంగు, పర్పుల్ రంగు, రాత్రి పూట డీజే సెటప్‌లా కనిపిస్తాయి. మాకు మాత్రం అవసరం వేరే.

మా మేనమామ సైనిక్‌పురిలో ఉంటాడు. పాత డీజిల్ పికప్ ఉంది. తెల్లవారుజామున 3 గంటలకు బోయిన్‌పల్లి మార్కెట్టుకు వెళ్లి కూరగాయలు ఎక్కించుకుని, సైనిక్‌పురి, ఏఎస్ రావు నగర్, కాప్రా షాపులకు వేస్తాడు. అంటే ఆయన డ్రైవింగ్‌లో ముఖ్యమైన భాగమంతా చీకట్లోనే. బండి మీటరులో బల్బులు రెండు పోయాయి, మిగిలినవి మసిబారాయి, డయల్ మీద అంకెలు ఎండకు పసుపెక్కాయి. పోయిన మే నెలలో రేడియేటర్ హోస్ దగ్గర నీళ్లు కారిపోయాయి. ఇంజన్ వేడెక్కుతున్న సంగతి టెంపరేచర్ ముల్లు చెప్తూనే ఉంది, కానీ చీకట్లో అది కనిపించలేదు. ఆర్.కె.పురం ఫ్లైఓవర్ ఎక్కుతుండగా పొగ వచ్చాకే తెలిసింది. హెడ్ గ్యాస్కెట్ పోయింది. బండి తొమ్మిది రోజులు షెడ్డులో ఉంది. ఆ తొమ్మిది రోజులు అద్దె బండితో నెట్టుకొచ్చాడు, లోడు మీద మిగిలేదంతా ఆ అద్దెకే పోయింది.

బండి తిరిగొచ్చాక అన్నాడు: "అల్లుడూ, నువ్వు కంప్యూటర్లు చదువుతున్నవ్ కదా. గీ మీటరు రాత్రి మంచిగ కనవడేటట్టు చేస్తవా? నాకు రంగులొద్దు. ముల్లు ఏడుందో కనవడాలె, అంతే."

ఆ చివరి మాటే మాకు స్పెసిఫికేషన్. మనకు సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో రిక్వైర్‌మెంట్స్ అని ఒక యూనిట్ మొత్తం ఉంటుంది కదా, మామ దాన్ని ఒక్క వాక్యంలో ఇచ్చేశాడు.

ముందు మీటరు లోపల ఏముందో తెలుసుకోవాలి

డయల్ మార్చాలంటే ముల్లు తీయాలి. ముల్లు తీయాలంటే దాని వెనకాల ఏ యంత్రం ఉందో తెలియాలి. ముఖ్యంగా మూడు రకాలు కనిపిస్తాయి.

మొదటిది, కేబుల్‌తో నడిచే స్పీడోమీటరు. జర్మనీకి చెందిన ఆటో షుల్జే 1902లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. గేర్‌బాక్స్ నుంచి ఒక తీగ కేబుల్ తిరుగుతూ వస్తుంది. దాని చివర ఒక అయస్కాంతం తిరుగుతుంది. అయస్కాంతాన్ని కప్పుతూ ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది, ఆ రెండూ ఒకదానికొకటి తగలవు. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ కరెంట్లు పుడతాయి, అవి గిన్నెను తమతో పాటు లాగుతాయి. సన్నటి హెయిర్‌స్ప్రింగ్ ఒకటి దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ రెండు లాగుళ్లు ఎక్కడ సమానమైతే ముల్లు అక్కడ ఆగుతుంది. ఇందులో కరెంటు వైరు అసలు లేదు. బ్యాటరీ తీసేసినా బండి దొర్లితే స్పీడు చూపిస్తుంది.

రెండోది, బైమెటల్ గేజి. పాత బండ్లలో డీజిల్, టెంపరేచర్ చూపించేవి ఎక్కువగా ఇవే. రెండు వేర్వేరు లోహాల పట్టీలు అతికించి, వాటి చుట్టూ సన్నటి హీటర్ తీగ చుడతారు. కరెంటు ఎక్కువ పోతే పట్టీ ఎక్కువ వేడెక్కి వంగుతుంది, ముల్లును తోస్తుంది. ఇంజన్‌లో ఉండే సెన్సార్ వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గించుకుంటుంది, అందుకే ఎక్కువ కరెంటు పోతుంది. తాళం తిప్పగానే ముల్లు నిదానంగా, కొన్ని సెకన్లు తీసుకుని లేస్తే అది బైమెటల్ అని అనుకోవచ్చు.

మూడోది, కొత్త బండ్లలో ఉండే స్టెప్పర్ మోటారు. ఇది మన భాషలో పూర్తిగా డిజిటల్. ప్రాసెసర్ ఇన్ని స్టెప్పులు తిరుగు అంటే అన్నే తిరుగుతుంది. తాళం తిప్పగానే ముల్లు సున్నా దగ్గరున్న ఆపుడుకు వెళ్లి తన స్థానం సరిచూసుకుంటుంది.

మామ బండిలో స్పీడుకు మొదటి రకం, డీజిల్‌కూ టెంపరేచర్‌కూ రెండో రకం ఉన్నాయి. మీ బండిలో స్టెప్పర్ మోటారు ఉంటే కింద చెప్పే ముల్లు పద్ధతి కొంచెం మారుతుంది, అది అక్కడ చెప్తా.

వెలుగు ఎక్కడి నుంచి రావాలి?

రెడీమేడ్‌గా వచ్చే వెలిగే డయల్స్‌లో పేరున్న టెక్నాలజీ ఎలక్ట్రోల్యూమినిసెన్స్. ఫ్రాన్స్‌లో జార్జ్ డెస్ట్రియో 1936లో దీన్ని గమనించాడు. జింక్ సల్ఫైడ్ లాంటి ఫాస్ఫర్ పొడిని బలమైన, మారుతూ ఉండే విద్యుత్ క్షేత్రంలో పెడితే అదే వెలుగుతుంది. ఫిలమెంటు లేదు, పెద్దగా వేడి లేదు. కాగితమంత పలచని షీటు మొత్తం ఒకే తీరుగా వెలుగుతుంది. 1960లో క్రైస్లర్ కార్ల డ్యాష్‌బోర్డుల్లో ఈ వెలుగు వచ్చింది. చంద్రుడి మీదికి వెళ్లిన అపోలో నౌకల కంప్యూటర్ డిస్‌ప్లేలో పచ్చటి అంకెలు వెలిగింది కూడా ఇలాగే. 1992లో టైమెక్స్ గడియారాల్లో ఇండిగ్లో పేరుతో వచ్చి అందరి చేతికీ చేరింది.

ఈ షీటుకు రెండు పట్టింపులున్నాయి. ఒకటి, దానికి బ్యాటరీ డీసీ నేరుగా ఇస్తే వెలగదు. అది కెపాసిటర్ లాంటిది, ఏసీ కావాలి. అందుకే కిట్‌తో పాటు చిన్న ఇన్వర్టర్ డబ్బా ఇస్తారు. 12 వోల్టులను సుమారు 100 వోల్టుల ఏసీగా మారుస్తుంది. కరెంటు తక్కువే అయినా తగిలితే ఝల్లుమంటుంది. కాబట్టి వెలుగుతున్నప్పుడు ఆ తీగలు ముట్టుకోవద్దు, షీటు తగిలించకుండా ఇన్వర్టర్ ఒక్కదాన్నే ఆన్ చేయొద్దు. రెండో పట్టింపు, ఫాస్ఫర్‌కు తేమ పడదు, వయసుతో వెలుగు తగ్గుతూ పోతుంది. రోజూ రాత్రి నడిచే బండికి ఇది ఆలోచించాల్సిన విషయమే.

ఇలాంటి కిట్లు ఎక్కువగా అమెరికా పికప్ ట్రక్కుల కోసం తయారవుతాయి. ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్ మోడల్స్‌కు డయల్ రంధ్రాలతో సహా కొలిచినట్టు వస్తాయి. మామ బండికి అలాంటిది దొరకలేదు. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల షాపులు తిరిగితే నీలం ఎల్‌ఈడీ బల్బులు, రంగు స్టిక్కర్లు చూపించారు. అక్కడే మీటర్లు రిపేర్ చేసే ఒక పెద్దాయన, అందరూ చాచా అంటారు, మా డయల్ ఫోటో చూసి నవ్వాడు. "బేటా, దీనికి కిట్ రాదు. డయల్ మీరే గీసుకోండి, వెనకాల లైట్ మీరే పెట్టుకోండి. ముల్లు మాత్రం పూవు తెంపినట్టు తీయాలి" అన్నాడు. అలా ఎల్‌ఈడీ దారి పట్టాం.

కన్ను ఏమంటుంది?

వైరింగు కంటే ముందు ఇది తేల్చుకోవాలి. చీకటికి కన్ను పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మసక వెలుతురులో పనిచేసే రాడ్ కణాల్లోని రొడాప్సిన్ మళ్లీ తయారవ్వాలి. డ్యాష్‌బోర్డు మరీ వెలిగితే, కన్ను దానికి సర్దుకుంటుంది, రోడ్డు మీద లైట్ లేని సైకిల్ కనిపించదు. మీటరు బాగా కనిపించడం కోసం రోడ్డును పోగొట్టుకుంటే ఆ పని ఎందుకు?

రాడ్ కణాలకు నీలం, పచ్చ రంగులంటే ఎక్కువ చురుకు. అంటే నీలం వెలుగు చీకటి అలవాటును తొందరగా చెడగొడుతుంది. పైగా కంటి లెన్స్ నీలాన్ని మిగతా రంగుల కంటే ముందే ఫోకస్ చేస్తుంది, అందుకే రాత్రి పూట నీలం అక్షరాలు అంచులు చెదిరినట్టు కనిపిస్తాయి. యాభై దాటిన మామ కంటికి ఇది ఇంకా కష్టం.

మరి ఎరుపు పెడితే? చీకటి అలవాటుకు ఎరుపు మంచిదే. కానీ టెంపరేచర్ గేజి మీద డేంజర్ పట్టీ ఎరుపు. ఎరుపు వెలుగులో తెల్ల గీతా ఎర్ర గీతా ఒకేలా కనిపిస్తాయి. మాకు కావాల్సిందే ఆ తేడా. అందుకని వార్మ్ వైట్, తక్కువ వెలుగు, తగ్గించుకునే బటన్‌తో. మామ అడిగినట్టే, రంగుల్లేవు.

డయల్ తయారీ

పాత డయల్‌ను ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద 600 డీపీఐతో స్కాన్ చేశా. అంటే 100 మిల్లీమీటర్లకు 2362 పిక్సెల్స్. ఇంక్‌స్కేప్‌లో స్కాన్‌ను కింద లేయర్‌గా పెట్టుకుని, దాని మీద గీతలు, అంకెలు మళ్లీ గీశా. మధ్య రంధ్రం, స్క్రూ రంధ్రాలు, వార్నింగ్ లైట్ల కిటికీలు, కిలోమీటర్ల అంకెల కిటికీ, అన్నీ ఉన్నచోటే ఉండాలి. గీతల కోణాలు మనకు నచ్చినట్టు మార్చకూడదు. ఈ డయల్ మీద 0 నుంచి 140 దాకా 210 డిగ్రీల్లో ఉంది, అంటే గంటకు 1 కిలోమీటరుకు 1.5 డిగ్రీలు. గీత 3 డిగ్రీలు పక్కకు పోతే స్పీడు 2 కిలోమీటర్లు తప్పు చూపిస్తుంది.

రెండు మార్పులు మాత్రం చేశా. అంకెల సైజు పెంచా, టెంపరేచర్ గేజిలో ఎర్ర పట్టీని వెడల్పు చేశా. పట్టీ మొదలయ్యే చోటు మాత్రం పాతదే.

ప్రింటుకు స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లు వాడే పారదర్శక పాలియెస్టర్ ఫిల్మ్ మంచిది. నల్లటి బ్యాక్‌గ్రౌండ్, అంకెలు మాత్రం ఖాళీ. ఒక్క పొర నలుపులో సూదిమొనంత రంధ్రాలుండి రాత్రి చుక్కల ఆకాశంలా కనిపిస్తుంది. అందుకే రెండు ప్రింట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పెట్టి, వెనకాల పాల రంగు డిఫ్యూజర్ ఫిల్మ్ అతికించాం. ఎర్ర పట్టీ దగ్గర రెండు పొరల మధ్య ఎర్ర జిలెటిన్ ముక్క.

ప్రింట్ తీసేటప్పుడు ఫిట్ టు పేజ్ ఆప్షన్ తీసేసి, నూటికి నూరు శాతం స్కేల్ పెట్టాలి. డిజైన్ పక్కన 100 మిల్లీమీటర్ల గీత ఒకటి గీసి, ప్రింట్ వచ్చాక స్కేలుతో కొలవండి. 98 వస్తే ఆ ప్రింట్ పక్కన పడేయాలి.

విప్పడం: వరుసలో చేయాల్సిన పనులు

1. బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్ 10 నంబర్ పానాతో తీసి పక్కకు పెట్టాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

2. స్టీరింగ్ ముందున్న ప్లాస్టిక్ కవరు, మీటరు డబ్బా స్క్రూలు విప్పాలి. ప్రతి మెట్టులో ఫోటో తీయండి. స్క్రూలను గుడ్డు ట్రేలో వరుసగా వేస్తే తిరిగి బిగించేటప్పుడు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

3. డబ్బాను కొంచెం ముందుకు లాగి, వెనకాల చెయ్యి పెట్టి స్పీడోమీటరు కేబుల్ క్లిప్పు నొక్కి విడదీయాలి. తర్వాత వైరింగు కనెక్టర్లు. గట్టిగా గుంజితే కేబుల్ వంగి, తర్వాత ముల్లు వణుకుతుంది.

4. ముందు అద్దం తీసి, ముల్లు జోలికి పోకముందే దాని చోటు గుర్తు పెట్టాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కేబుల్ స్పీడోమీటరులో సున్నా దగ్గర చిన్న పిన్ను ఉంటుంది, స్ప్రింగు ముల్లును ఆ పిన్నుకు ఆనించి పట్టుకుంటుంది. ముల్లును సన్నగా ఎత్తి పిన్ను దాటిస్తే, అది ఇంకా కిందికి వెళ్లి స్ప్రింగులో లాగుడు లేని చోట ఆగుతుంది. అసలు గుర్తు ఆ చోటే. డయల్ పక్కన బాడీ మీద మాస్కింగ్ టేపు అతికించి పెన్సిల్‌తో గీత పెట్టండి. పిన్ను దగ్గరున్న సున్నాను గుర్తుగా తీసుకుంటే, తిరిగి బిగించినప్పుడు స్ప్రింగు బిగువు పోయి అన్ని స్పీడులూ ఎక్కువ చూపిస్తాయి.

5. డీజిల్, టెంపరేచర్ ముళ్లకు కూడా కరెంటు లేనప్పుడు నిలబడే చోట టేపు గుర్తు పెట్టండి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చేయడం మంచిది.

6. ముల్లు తీయడానికి రెండు చిన్న చెంచాలు చాలు. డయల్ మీద మెత్తటి గుడ్డ పరచి, ముల్లు బుడిపె కింద రెండు వైపులా చెంచాలు దూర్చి, ఒకేసారి నిటారుగా పైకి లేపాలి. తిప్పకూడదు, పక్కకు వంచకూడదు. తిప్పితే హెయిర్‌స్ప్రింగ్ పోతుంది, స్ప్రింగు పోతే మీటరే పోయినట్టు. మామ బండి మొదటి ముల్లు చాచానే తీసి చూపించాడు, మిగతా రెండూ నాతో తీయించాడు.

7. పాత డయల్ స్క్రూలు విప్పి తీసి, పడేయకుండా కవరులో దాచండి. కొత్తది నచ్చకపోతే వెనక్కి వెళ్లడానికి అదే దారి. గిట్‌లో పాత కమిట్ లాంటిది అన్నమాట.

స్టెప్పర్ మోటారు బండి అయితే, ముల్లు తిరిగి పెట్టేటప్పుడు డబ్బాకు కనెక్టర్ తగిలించి, తాళం తిప్పి, మోటారు సున్నాకు వెళ్లాక ముల్లును సరిగ్గా సున్నా మీద నొక్కాలి.

వెలుగు వైరింగు, కొంచెం లెక్క

కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్స్ షాపుల నుంచి వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు, రెసిస్టర్లు, జీరో పీసీబీ ముక్కలు తెచ్చా. సైనిక్‌పురి పక్కనే 1967లో మొదలైన ఈసీఐఎల్ ఉంది, టీవీలు, కంప్యూటర్లు తయారుచేసిన సంస్థ. కానీ ఒక్క రెసిస్టర్ కావాలంటే కోఠికే పోవాలి, అదీ మన ఏరియా తమాషా.

బండి బ్యాటరీని 12 వోల్టులు అంటాం కానీ, ఇంజన్ నడుస్తుంటే ఆల్టర్నేటర్ వల్ల 14.4 దాకా వెళ్తుంది. లెక్క దానికే వేయాలి. వోల్టేజ్ తిరగబడితే కాపాడటానికి 1ఎన్4007 డయోడ్ ఒకటి సిరీస్‌లో పెట్టాం, అది 0.7 వోల్టులు తింటుంది. తెల్ల ఎల్‌ఈడీ సుమారు 3.2 తింటుంది. మిగిలింది 10.5 వోల్టులు. మనకు 10 మిల్లీయాంపియర్లు చాలు అనుకుంటే 10.5ని 0.010తో భాగిస్తే 1050 ఓమ్స్. షాపులో దొరికే పై విలువ 1.2 కిలో ఓమ్స్. దానితో 8.75 మిల్లీయాంపియర్లు పోతాయి. రెసిస్టర్ మీద వేడి 0.1 వాట్ కంటే తక్కువ, పావు వాట్ రెసిస్టర్ హాయిగా మోస్తుంది.

మూడు ఎల్‌ఈడీలు సిరీస్‌లో పెడితే రెసిస్టర్లు ఆదా కదా అని ఒక ఫ్రెండ్ అడిగాడు. చూద్దాం. 14.4 నుంచి 0.7, 9.6 తీసేస్తే 4.1 వోల్టులు, 470 ఓమ్స్‌తో 8.7 మిల్లీయాంపియర్లు. బాగానే ఉంది. కానీ ఇంజన్ ఆగి బ్యాటరీ 12కు వస్తే మిగిలేది 1.7 వోల్టులు, కరెంటు 3.6కు పడిపోతుంది, సగం కంటే తక్కువ. ఒక్కో ఎల్‌ఈడీకి ఒక్కో రెసిస్టర్ పెడితే 12 వోల్టుల దగ్గర కూడా 6.75 ఉంటుంది. వెలుగు ఊగదు. పైగా ఒకటి పోయినా మిగతావి వెలుగుతూనే ఉంటాయి. చీకట్లో నడిచే బండికి ఆ రెండో గుణమే ముఖ్యం. అందుకే ఆరు ఎల్‌ఈడీలు, ఆరు రెసిస్టర్లు. మొత్తం 52.5 మిల్లీయాంపియర్లు.

డ్యాష్‌బోర్డులో పాత డిమ్మర్ చక్రం ఉంది కదా, అది సరిపోదా? సరిపోదు. అది పెద్ద కరెంటు తీసుకునే బల్బుల కోసం చేసిన కొద్ది ఓమ్స్ రెసిస్టెన్స్. 10 ఓమ్స్ అనుకున్నా మన 52.5 మిల్లీయాంపియర్లకు అర వోల్టు తగ్గిస్తుంది, తేడా కంటికి తెలియదు. బదులుగా చిన్న పీడబ్ల్యూఎం డిమ్మర్ పెట్టాం. ఇది వెలుగును సెకనుకు వందల సార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది. ఆన్‌లో ఉండే వాటాను బట్టి కంటికి ఎక్కువో తక్కువో అనిపిస్తుంది.

సప్లయ్ ఎక్కడి నుంచి? పార్కింగ్ లైటు వైరు నుంచి. మల్టీమీటరుతో చూస్తే స్విచ్ వేయనప్పుడు 0, వేసినప్పుడు 12 చూపించే వైరు అది. దానికి వీలైనంత దగ్గర్లో అర యాంపియర్ ఫ్యూజు. ఎర్త్‌ను పెయింటు గీకిన శుభ్రమైన బాడీ బోల్టుకు ఇవ్వాలి. తీగలు స్టీరింగ్ రాడ్డుకూ పెడల్స్‌కూ తగలకుండా టైలతో కట్టాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. వెనకాల వెలుగు బల్బులనే మార్చండి, వార్నింగ్ బల్బుల జోలికి పోవద్దు. చాలా పాత బండ్లలో బ్యాటరీ గుర్తు బల్బు గుండా పోయే కరెంటే ఆల్టర్నేటర్‌ను లేపుతుంది. అక్కడ ఎల్‌ఈడీ పెడితే ఆ కరెంటు చాలక ఛార్జింగ్ మొదలవ్వకపోవచ్చు. ఇండికేటర్ గుర్తు ఒక్కటే ఉండే బండ్లలో ఆ బల్బు ఎడమ, కుడి వైర్ల మధ్య ఉంటుంది. ఎల్‌ఈడీకి దిక్కు ఉంటుంది కాబట్టి ఒక వైపుకే వెలుగుతుంది.

ముల్లు నిజం చెప్తోందా?

కొత్త డయల్ బిగించి, ముల్లును టేపు గీత దగ్గర మెల్లగా నొక్కి, పిన్ను మీదుగా సున్నాకు తెచ్చాం. ముల్లు డయల్‌కు రాసుకోకూడదు, కింద సన్నటి కాగితం దూరేంత సందు ఉండాలి. బయట అద్దం పెట్టకముందే వేలితో కాకుండా ఊది కదిలించి చూడండి.

తర్వాత పరీక్ష. ఐక్యరాజ్యసమితి 39వ నంబరు వాహన నిబంధనలో మంచి సూత్రం ఉంది. మీటరు చూపించే స్పీడు అసలు స్పీడు కంటే ఎప్పుడూ తక్కువ ఉండకూడదు. ఎక్కువ చూపించినా, అసలు స్పీడులో పదోవంతుకు 4 కలిపినంత లోపే ఉండాలి. అంటే 40లో ఉంటే 40 నుంచి 48 దాకా, 60లో ఉంటే 60 నుంచి 70 దాకా చూపించవచ్చు.

ఆదివారం పొద్దున్నే కీసర వైపు అవుటర్ రింగ్ రోడ్డు మీద మామ నడిపాడు, నేను పక్క సీట్లో ఫోన్ జీపీఎస్ చూశా. జీపీఎస్ వెంటనే స్పందించదు కాబట్టి ఒకే స్పీడులో పది సెకన్లు ఉంచి రాసుకోవాలి. జీపీఎస్ 40కి మీటరు 43, 60కి 64. రెండూ హద్దులోపలే. ఈ పరీక్ష ఒక్కరే చేయొద్దు, నడిపేవాళ్ల కళ్లు రోడ్డు మీదే ఉండాలి.

టెంపరేచర్‌కు వేరే పరీక్ష. విప్పకముందు ఇంజన్ బాగా వేడెక్కి, ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు ముల్లు ఎక్కడుందో ఫోటో తీసి పెట్టుకున్నాం. బిగించాక అదే స్థితిలో మళ్లీ చూశాం. అదే చోటు.

చట్టం మాట

మోటారు వాహనాల చట్టం, 1988లో సెక్షన్ 52 బండి మార్పుల గురించి చెప్తుంది. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినదానికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. డయల్ మార్చితే ఆ వివరాలేవీ మారవు. కానీ 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం స్పీడోమీటరు బండిలో ఉండాలి, పనిచేస్తూ ఉండాలి. కాబట్టి ముల్లు తప్పు చెప్తే అది అందం సమస్య కాదు.

ఇంకొకటి. డబ్బా విప్పాక కిలోమీటర్ల చక్రాలు చేతికి అందేంత దగ్గర్లో ఉంటాయి. వాటిని ముట్టుకోవద్దు. రేపు ఆ బండి కొనేవాడు ఆ అంకె చూసే డబ్బులిస్తాడు. మేం విప్పకముందు, బిగించాక రెండు ఫోటోలు తీసి మామ ఫోన్లో పెట్టాం.

అయిన ఖర్చు, మిగిలింది

ఫిల్మ్, ఎల్‌ఈడీలు, డిమ్మర్, చాచాకిచ్చింది అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. పట్టిన టైము మాత్రం మూడు ఆదివారాలు. అందులో రెండు డిజైన్‌కు, ప్రింట్లకే పోయాయి. మామ డిమ్మర్‌ను బాగా తగ్గించి పెట్టుకున్నాడు, నేను పెట్టిన దానికంటే చాలా తక్కువకు. మొదట నాకు కొంచెం చిన్నగా అనిపించింది, ఇంత కష్టపడితే వెలుగే కనిపించట్లేదని. కానీ ఒకరోజు తెల్లవారుజామున ఆయనతో పాటు బోయిన్‌పల్లి వెళ్లాక అర్థమైంది. రోడ్డు మీద కళ్లుంచి, క్షణం కిందికి చూసి, మళ్లీ రోడ్డు మీదికి. ఆ క్షణంలో మూడు ముళ్లూ కనిపించాయి, అద్దం మీద ఏ ప్రతిబింబమూ పడలేదు. మంచి యూజర్ ఇంటర్‌ఫేస్ గురించి క్లాసులో విన్నదంతా ఆ మసక డయల్‌లో ఉంది.

జూన్ మొదటి వారంలో మళ్లీ ఒకసారి ముల్లు ఎర్ర పట్టీ వైపు కదిలింది. ఈసారి ఫ్యాన్ బెల్టు వదులైంది. మామ చూశాడు, బండి పక్కకు ఆపాడు, ఇంజన్ చల్లారాక బెల్టు బిగించుకుని షాపులకు అరగంట లేటుగా కూరగాయలు వేశాడు.

మీ ఇంట్లో, మీ వీధిలో రాత్రి పూట నడిచే బండి ఉంటే ఒకసారి చీకట్లో దాని డ్యాష్‌బోర్డు చూడండి. ముందు కొత్త బల్బులు వేసి చూడండి, చాలాసార్లు అంతే సరిపోతుంది. అప్పటికీ ముల్లు కనిపించకపోతే డయల్ సంగతి ఆలోచించండి. డిజైన్ ఫైలు అడిగితే పంపిస్తా, కానీ మీ బండి డయల్‌ను మీరే స్కాన్ చేసుకోవాలి. నా కోణాలు మీ ముల్లుకు సరిపోవు.